మా వాకిట్లో వేరుపురుగు

వాకిట్లో గడ్డి పెంచుకోవడం మా సూళ్లూరుపేట వైపు ఇళ్లలో అలవాటు లేదు. చిమ్మి నీళ్లు చల్లిన వాకిలి, గోడ పక్కన నాలుగు కనకాంబరాలు, ఒక కరివేపాకు చెట్టు, ఇంతే ఉంటుంది. గడ్డి అంటే గొడ్లకు వేసేది గాని మనుషులు నీళ్లు పోసి పెంచేది కాదు. మేము గరిక నాటుతుంటే వీధిలో నవ్వని వారు లేరు.

ఈ నాలుగు మాటలు మేమిద్దరమూ కూర్చొని వ్రాస్తున్నాము. మాలో ఒకరు ఈ ఊరివారే, బడిలో పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకున్నవారు. ఇంకొకరిది పీలేరు దగ్గర పల్లె, వేరుశనగ చేలల్లో పెరిగిన మనిషి. ఎక్కడైనా మాట తేడాగా కనబడితే అది ఎవరి మాటో చదువరులే పోల్చుకోగలరు.

గడ్డి ఎందుకు నాటామంటే, ఎండాకాలంలో బుధవారం సాయంకాలపు కూడిక మా వాకిట్లోనే జరుగుతుంది. కరెంటు పోతే లోపల కూర్చోలేము. బయట అంతా ఇసుక నేల. చాపల మీద కూర్చున్నా లేచేసరికి బట్టలంతా ఇసుకే. పిల్లలున్న తల్లులకు మరీ కష్టము. 2017 వర్షాలకు కాళంగి గట్టు నుంచి గరిక కణుపులు తెచ్చి ఆరేడు అంకణాల మేర నాటాము. ఇసుకకు బలము కావాలని ఒక బండెడు పశువుల ఎరువు చవకగా వస్తే తోలించుకున్నాము. ఆ ఎరువు చివకలేదు. చేతిలోకి తీసుకుంటే పేడ పేడగానే ఉంది. చవకగా ఎందుకు వచ్చిందో అప్పుడు ఆలోచించలేదు.

మరుసటి ఎండాకాలానికి గడ్డి పచ్చగా పరచుకుంది. నవ్వినవారే వచ్చి కూర్చున్నారు. రోజూ సాయంకాలం మోటారు వేసి తడిపేవాళ్లము. కూడిక కోసం గేటు పక్కన పెద్ద ఫోకస్ లైటు కట్టాము. వాకిట్లో వేపచెట్టు ముందునుంచీ ఉన్నదే.

2018 ఆగస్టు చివర్లో గడ్డి అక్కడక్కడ పసుపు రంగుకు తిరిగింది. ఎండకు అనుకొని ఇంకా నీళ్లు పోశాము. పోసినకొద్దీ మచ్చలు పెద్దవయ్యాయి. కాకులు, గోరింకలు తెల్లవారేసరికి వాలి ముక్కులతో నేలను పొడుస్తున్నాయి. రాత్రిళ్లు పందికొక్కులు తవ్విపోస్తున్నాయి. మేము పందికొక్కుల మీద కోపగించుకొని బోను తెచ్చి పెట్టాము. అవి దేనికోసం తవ్వుతున్నాయని అడిగిన పాపాన పోలేదు.

ఒక శనివారము ఆ ఎండిన గడ్డిని పీకుదామని పట్టుకుంటే చాప చుట్టినట్టు చుట్టుకొని లేచి వచ్చింది. కింద వేరు అనేదే లేదు. మట్టిలో తెల్లని లావుపాటి పురుగులు, గోధుమరంగు తల, మూడు జతల కాళ్లు, కొడవలిలాగ వంగి పడుకొని ఉన్నాయి. పీలేరు మనిషి చూసీ చూడగానే, "ఇది వేరుపురుగు. మా నాయన చేనిని రెండేండ్లు తిన్నది ఇదే" అన్నది.

వేరుశనగ పండించే వారికి దీనిని గురించి చెప్పనక్కరలేదు. తొలకరికి వేసిన చేను నెల, నెలన్నరకు నిండుగా ఉంటుంది. ఒక ఉదయం సాలులో ఒక మొక్క వాడుతుంది. మరునాడు దాని పక్కది, ఆ పక్కది. పీకితే చేతికి తేలికగా వస్తుంది, తల్లివేరు కొరికేసి ఉంటుంది. యోనా గ్రంథములో సొరచెట్టు తెల్లవారేసరికి ఒక పురుగు వలన వాడిపోయిన సంగతి చదివినప్పుడల్లా ఆమెకు ఆ చేనే గుర్తుకు వస్తుందట. అది ఏ పురుగో మనకు తెలియదు గాని, వాడిపోయే తీరు మాత్రము ఆమె కళ్లతో చూసినదే.

ఇక్కడ మా తప్పు చెప్పుకోవాలి. చెప్పుకోకుండా వ్రాయడానికి మనసు ఒప్పలేదు.

చేను సంగతి తెలిసిన మనిషి ఇంట్లోనే ఉండగా ఆమెను అడగకుండా ఇంకొకరము బజారుకు వెళ్లి మందు తెచ్చాము. ఫోరేట్ గుళికలు. చల్లి వెంటనే తడపమని అంగడిలో చెప్పారు. సాయంకాలము చల్లాము. మోటారు వేద్దామనుకునేసరికి కరెంటు పోయింది. రాత్రి తొమ్మిదికి వచ్చింది గాని అప్పటికి మేము భోజనాలు చేసి పడుకున్నాము. పొద్దున తడుపుదాములే అనుకున్నాము.

పొద్దున లేచేసరికి గడ్డి మీద రెండు గోరింకలు చచ్చిపడి ఉన్నాయి. గేటు దగ్గర పక్కింటి అక్కది కోడి, దాని కింద ఏడు పిల్లలు. కోడి అప్పటికే చచ్చింది. పిల్లల్లో రెండు ఇంకా కొట్టుకుంటున్నాయి.

ఆ అక్కకు భర్త లేడు. గుడ్లు, కోడిపిల్లలు అమ్ముకొని ఇంట్లోకి కావలసినవి కొనుక్కుంటుంది. ఆమె వచ్చి చూసింది. అరవలేదు, శాపాలు పెట్టలేదు. పిల్లలను కొంగులో వేసుకుంటూ, "అయ్యవారూ, మందు ఏస్తాన్నామని ఒక్క మాట చెప్పుంటే గంప కింద మూసి పెట్టుకునేదాన్ని గదా" అన్నది. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. ఆ బుధవారము కూడికకు రాలేదు. తరువాతా రాలేదు.

మాకు ఇంకొక భయము కూడా పట్టుకున్నది. మాది ఇసుక నేల, నీళ్లు కొద్ది లోతులోనే పడతాయి. చల్లిన మందు ఎంత దిగిందో, ఎక్కడికి దిగిందో ఎవరు చెప్పగలరు? బోరు నీళ్లు తాగడము మాని కొన్నాళ్లు క్యానులు కొనుక్కున్నాము. క్రిస్మసుకు మా పెద్దమ్మాయి న్యూజెర్సీ నుంచి పసిబిడ్డను తీసుకొని వస్తే, అప్పుడే పాకుతున్న ఆ బిడ్డను గడప దాటనివ్వలేదు. ఎవరికోసమని గడ్డి పెంచామో వారినే దాని మీద కూర్చోనివ్వకుండా ముళ్లకంప అడ్డము వేశాము.

ఆ మందును గురించి తరువాత తెలుసుకున్నాము. మేము కొన్న ఆ 2018 ఆగస్టులోనే కేంద్ర ప్రభుత్వము పద్దెనిమిది పురుగుమందుల మీద ఉత్తర్వు ఇచ్చింది. పన్నెండింటిని వెంటనే ఆపారు. ఆరింటికి 2020 డిసెంబరు 31 వరకు గడువు ఇచ్చారు. ఆ ఆరింటిలో ఫోరేట్ ఒకటి. ఇప్పుడు దానిని అమ్మడమూ, వాడడమూ చట్టప్రకారము నేరమే. మా నాయనల కాలములో చేలల్లో దోసిళ్లతో చల్లిన బి.హెచ్.సి. పొడి 1997లోనే నిషేధమైంది. ఎవరి పాత కొట్టములోనైనా ఇలాంటి సంచులు మిగిలి ఉంటే, పిల్లలకు అందకుండా పెట్టి వ్యవసాయ అధికారిని అడగండి. ఊరికే పడవేస్తే చెరువులోకి చేరుతుంది.

అమ్మాయి వచ్చినప్పుడు అక్కడి సంగతి చెప్పింది. వారి వీధిలో ప్రతి ఇంటి ముందూ పచ్చికే, ప్రతి పచ్చికలోనూ ఈ జాతి పురుగే. అక్కడిది జపాను పెంకుపురుగు పిల్ల. ఆ పురుగు అమెరికాలో మొట్టమొదట కనబడింది వారి న్యూజెర్సీలోనే, రివర్టన్ అనే ఊరి నర్సరీలో, 1916లో. నూరేళ్లు దాటినా దానిని ఊడబెరకలేకపోయారు. అయితే అక్కడివారు ఒక లెక్క పెట్టుకున్నారు. గడ్డి పాడైన చోటు అంచున అడుగు పొడవు, అడుగు వెడల్పు, మూడు నాలుగు అంగుళాల లోతు తవ్వి పురుగులను లెక్కించాలి. అయిదుకు లోపు ఉంటే ఆరోగ్యంగా ఉన్న గడ్డి తట్టుకుంటుంది, మందు అవసరము లేదు. పది దాటితే ఏదో ఒకటి చేయక తప్పదు. మేము పారతో తవ్వి లెక్కించనే లేదు. ఒక్క పురుగును చూసి భయపడి బజారుకు పరుగెత్తాము.

ఆ శీతకాలమంతా పురుగును గురించి తెలిసినవారిని అడిగాము, దొరికినది చదివాము. దాని బ్రతుకు తెలిస్తే మా వాకిట్లో జరిగినదంతా అర్థమైంది.

ఎండాకాలము చివర మొదటి మంచి వాన పడగానే, భూమిలో నిద్రపోతున్న పెంకుపురుగులు మసక చీకటి వేళ బయటికి వస్తాయి. ఎరుపు కలిసిన గోధుమరంగు, చింతగింజ కంటె కొంచెము పెద్దవి. నేరుగా వేప, రేగు, మునగ చెట్ల మీదికి ఎగిరిపోయి రాత్రంతా ఆకు తింటాయి, జతకడతాయి. తెల్లవారక ముందే మళ్లీ భూమిలోకి దిగి గుడ్లు పెడతాయి. గుడ్డు పొదగడానికి తేమ కావాలి. ఎండిన మట్టిలో గుడ్డు నిలవదు. వారము పది దినాలకు పిల్లపురుగు బయటపడుతుంది. మొదట మట్టిలోని కుళ్లిన ఆకు, పేడ తింటుంది, పెరిగినకొద్దీ వేళ్లకు వస్తుంది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో దానికి ఆకలి ఎక్కువ. ఆ తరువాత లోతుకు పోయి ప్యూపాగా మారి, పెంకుపురుగై, మళ్లీ మొదటి వాన వరకు అక్కడే కదలకుండా ఉంటుంది. సంవత్సరానికి ఒకటే కాన్పు.

ఇప్పుడు మా వాకిలి చూడండి. తినడానికి వేపచెట్టు. దారి చూపడానికి ఫోకస్ లైటు. వీధి అంతా ఎండి ఉంటే రోజూ తడిపిన నేల మాదొక్కటే. పిల్లపురుగుకు మొదటి మేతగా చివకని పేడ. ఇంతకంటె మర్యాదగా ఎవరు పిలుస్తారు?

ఒక మాట ఇక్కడే చెప్పాలి. దిబ్బలో కనబడే లావు పురుగులన్నీ వేరుపురుగులు కావు. బొటనవ్రేలంత లావున్నవి చాలావరకు కొబ్బరి కొమ్ముపురుగు పిల్లలు. అవి పేడలోను, కుళ్లిన కొబ్బరి మొద్దులోను పెరుగుతాయి, బ్రతికి ఉన్న వేళ్ల జోలికి రావు. పెద్దవైన తరువాత కొబ్బరి మొవ్వును తొలుస్తాయి. అవి గడ్డికి చేసే హాని లేదు గాని కొబ్బరి ఉన్నవారు దిబ్బను తిరగవేసి ఏరివేయడము మంచిది.

పీలేరు వైపు పూర్వము ఏమి చేసేవారంటే, వానపడిన రాత్రి ఊరంతా లాంతర్లు పట్టుకొని చేలగట్ల మీది వేపచెట్ల కిందికి పోయేవారు. కింద దుప్పట్లు పరచి కొమ్మలు కుదిపితే పురుగులు పండ్లలాగ రాలేవి. కిరసనాయిలు కలిపిన నీళ్ల కుండలో వేసేవారు. ఎండాకాలములో లోతుగా దున్నితే పైకి వచ్చిన వాటిని కొంగలు, కాకులు నాగలి వెంటనే తినేసేవి. మా వైపు పక్షులంటే అందరూ నేలపట్టు గూడబాతులను, పులికాట్ ఫ్లెమింగోలను చూడడానికి వస్తారు. అవి అందమైనవే, మేమూ పిల్లలను తీసుకొనిపోతాము. కాని వేరుపురుగు ఉన్న ఇంటివారికి కాకి, గోరింక, ఏట్రింత కంటె అందమైన పక్షి లేదు. ఆ గోరింకలనే మేము చంపుకున్నాము.

2019 మే నెలలో ఒక సాయంకాలము ఉరుములతో వాన పడింది. పీలేరు మనిషి తలుపు తీసి వేపచెట్టు కేసి చూసి, "ఈ రాత్రికే" అన్నది. అంతవరకు మేము పక్కింటికి ఎన్నిసార్లు గేటు దాకా వెళ్లి తిరిగివచ్చామో లెక్క లేదు. ఆ రాత్రి ఇద్దరమూ వెళ్లాము.

"అక్కా, మందు ఏమీ వేయడం లేదు. వేపచెట్టు కుదుపుతాము, పురుగులు ఏరుతాము. ముందుగా చెప్పి పోదామని వచ్చాము" అన్నాము.

ఆమె కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "ఏరి ఏం చేస్తారు?" అని అడిగింది.

"కిరసనాయిలు నీళ్లలో వేస్తాము."

"అంత మేత పారేస్తారా?" అని లోపలికి పోయి మూత ఉన్న తపేలా, ఒక పాత దుప్పటి తెచ్చింది.

ఎనిమిది గంటలకు ఫోకస్ లైటు ఆర్పివేసి టార్చి పట్టుకొని కొమ్మలు కుదిపాము. మొదటి రాత్రి ఇన్నూటికి పైగా లెక్కపెట్టి ఆ తరువాత విసుగొచ్చి మానాము. సగము మా బకెట్టులోకి, సగము ఆమె తపేలాలోకి. తెల్లవారి ఆమె కోళ్లు తపేలా చుట్టూ చేరి ఎలా తిన్నాయో చూడవలసినదే. వరుసగా నాలుగు రాత్రులు చేశాము. రెండవ రాత్రికి వీధి చివరి ఇంటివారి పిల్లలు వచ్చారు. వారి మునగచెట్టు మా వేపకంటె ఎక్కువ నిండి ఉంది. ఒక్క ఇంటివారు చేస్తే చాలదు, ఎగిరే పురుగుకు కాంపౌండు గోడ అడ్డమా?

ఆ నెలలో గడ్డిని ఎండనిచ్చాము. గుడ్లు పెట్టే ఆ మూడు నాలుగు వారాలు నీళ్లు తగ్గించితే గరిక చావదు, రంగు తగ్గుతుంది, వాన రాగానే లేస్తుంది. చూడడానికి బాగుండలేదని కూడికలో ఒకరిద్దరు అన్నారు, అననిచ్చాము. గడ్డిని మట్టసంగా కోయడము మానివేశాము. పైన కొంచెము ఎత్తు ఉంటే కింద వేరు లోతుకు పోతుంది, కొంత కొరికినా తట్టుకుంటుంది. ఎరువును ఆరు నెలలు గుంటలో చివకనిచ్చి జల్లించి వాడుతున్నాము.

జూలైలో మెటారైజియము అనే శిలీంధ్రపు పొడి తెచ్చాము. దీని కథ మాకు ఎంతో ఇంపుగా అనిపించింది. 1879లో రష్యా సామ్రాజ్యములోని ఒడెస్సా ప్రాంతములో గోధుమను తినే పెంకుపురుగుల మీద మెచ్నికోవ్ అనే శాస్త్రజ్ఞుడు దీనిని గుర్తించి, పురుగును పురుగుకు వచ్చే జబ్బుతోనే అణచవచ్చునని ప్రయత్నించాడు. ఆయనకే 1908లో వేరే పరిశోధనకు నోబెల్ బహుమానము వచ్చింది. ఈ శిలీంధ్రము సోకిన పురుగు మొదట గట్టిపడి తెల్లని బూజు పడుతుంది, తరువాత ఆ బూజు ఆకుపచ్చగా మారుతుంది. చివికిన తడి ఎరువులో పొడి కలిపి, నీడలో తడి గోనెసంచి కప్పి వారము దినాలు ఉంచి, వాన తడి ఉన్న సాయంకాలము గడ్డి మీద చల్లాము. ఎండలో చల్లితే చస్తుంది. బూజుమందులతో కలపకూడదు. ఒక్క రాత్రిలో చంపేది కాదు గనుక ఓపిక కావాలి. లేతపురుగు మీద పనిచేసినట్టు ముదురు పురుగు మీద పనిచేయదు. అందుకే సెప్టెంబరులో మేలుకొన్నవారికి ఇది పెద్దగా ఉపయోగపడదు.

వేరుశనగ వేసేవారికి మాత్రము ఏరడము, దున్నడము ఒక్కటే చాలుతుందని మేము చెప్పలేము. గుంటలకొద్దీ భూమికి చేసే పని వేరు, వాకిలికి చేసే పని వేరు. విత్తనానికి మందు పట్టించడము మంచి పద్ధతి. కిలో విత్తనానికి క్లోరిపైరిఫాస్ 20 ఇ.సి. 6.5 మిల్లీలీటర్లు పట్టించి నీడలో ఆరబెట్టి విత్తమని చెబుతారు. చేనంతా చల్లే మందుకంటె ఇది ఎంతో తక్కువ. చేతికి తొడుగు వేసుకోండి, మిగిలిన విత్తనము కోళ్లకు, పిల్లలకు అందనివ్వకండి. సందేహముంటే తిరుపతిలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానము వారిని గాని, మీ రైతు సేవా కేంద్రములో గాని అడగండి. అంగడివాని మాట ఒక్కటే విని రాకండి. మేము విన్నాము.

2019 సెప్టెంబరులో పారతో అడుగు చదరము తవ్వి లెక్కించాము. నాలుగు. మరుసటి సంవత్సరము రెండు. ఒకటి పచ్చబూజు పట్టి గట్టిగా ఉంది, దానిని అగ్గిపెట్టెలో పెట్టి వీధిలో అందరికీ చూపించాము. మా ఊరు నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాకు మారిన 2022లో ఎందుకో మళ్లీ ఏడుకు పెరిగింది. ఆ ఏడు మేము ఊరిలో లేని వారములోనే మొదటి వాన పడింది మరి.

పక్కింటి అక్క బుధవారము కూడికకు వస్తున్నది. ముందు వరుసలో, గడ్డి మీదే కూర్చుంటుంది. గుడ్లు మాకు అమ్ముతుంది, ఒక్క రూపాయి తగ్గించదు. ఎండిన మచ్చ ఎక్కడైనా కనబడితే మాకంటె ముందు ఆమే చూస్తుంది. "అయ్యవారూ, ఈడ తవ్వండి" అంటుంది. మేము తవ్వుతుంటే కోళ్లను తోలుకొని వస్తుంది.

కోళ్లతో వచ్చిన చిక్కు ఒకటే. అవి పురుగు ఉన్నచోటా లేనిచోటా ఒకే విధంగా కెలుకుతాయి. గేటు పక్కన రెండు గజాల గడ్డి వేరుపురుగు ఏనాడూ చేయనంత పాడుచేసి పెట్టాయి. ఆమెతో ఎలా చెప్పాలో తెలియక అక్కడ గోంగూర విత్తనాలు చల్లాము. మొలకలు వచ్చాయి. వాటినీ కెలికాయి.